హస్తవాసి

ఏలూరు పట్టణమున వైద్యశాలల వరండాలలో కూర్చుండిన రోగుల సంభాషణ ఆలకించినచో, ఒక మాట తప్పక చెవిని పడును. "ఈ డాక్టరుగారి హస్తవాసి మంచిది" అనునదే ఆ మాట. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారులో బస్తాలు మోసి నడుము పట్టిన కూలీయు, కొల్లేటి లంకలలో వల లాగి భుజము నొచ్చిన జాలరియు ఈ మాటనే పలుకుదురు. ఒకే మాత్ర ఒకరి చేతిమీదుగా వచ్చినప్పుడు నొప్పి తగ్గినదనియు, మరియొకరి చేతిమీదుగా వచ్చినప్పుడు తగ్గలేదనియు చెప్పువారు మన పల్లెలలో పెక్కుమంది కలరు.

విద్యార్థులారా! ఈ హస్తవాసి యనగా నేమి? వైద్యుని చేతివ్రేళ్ళలో ఏదైన మహిమ కలదా? లేక ఇది వట్టి భ్రమయా? చదువుకొన్నవారు కొందరు దీనిని మూఢనమ్మకమని కొట్టివేయుదురు. చదువు లేనివారు కొందరు దీనిని దైవదత్తమైన శక్తి యని మ్రొక్కుదురు. ఈ రెండు తీర్పులును తొందరపాటువే. గడచిన కొన్ని దశాబ్దములలో శాస్త్రజ్ఞులు చేసిన పరీక్షలు హస్తవాసిలో కొంత నిజము కలదనియు, ఆ నిజమునకు స్పష్టమైన ఎల్లలు కూడ కలవనియు చూపినవి. నిజమెంతయో, ఎల్లలెచ్చటనో తెలిసికొనుట మనకు అవసరము. తెలియనిచో ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

ముందుగా నొప్పి యనగానేమో తెలిసికొందము. కాలికి ముల్లు గ్రుచ్చుకొనగానే ఆ వార్త నరముల వెంబడి వెన్నుపామునకును, అచ్చటినుండి మెదడునకును పోవును. ఆ వార్త టెలిగ్రామువలె ఉన్నది ఉన్నట్లుగా మెదడునకు చేరునని పూర్వము తలచెడివారు. కాని అది సరికాదు. 1965లో మెల్జాక్, వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పివార్తలను విడుచుటకును, ఆపుటకును ద్వారమువంటి ఏర్పాటు కలదని ప్రతిపాదించిరి. కృష్ణా గోదావరి కాలువలు కలిసికొను ఏలూరు ప్రాంతపు బాలురకు ఈ సంగతి సులభముగ బోధపడును. ఎగువ లాకు తలుపు కొంచెము దించినచో దిగువ కాలువకు నీరు తగ్గును. అట్లే మెదడు పైనుండి ఆజ్ఞ పంపి తలుపు దించినచో నొప్పి పలుచబడును. తలుపు ఎత్తినచో నొప్పి పొంగి వచ్చును.

చెడుగుడు ఆడునప్పుడు మోకాలు చీరుకొని రక్తము కారుచున్నను ఆటగాడు ఎరుగడు. ఆట ముగిసి, స్నేహితుడు వ్రేలు చూపి చెప్పిన పిమ్మటనే మంట మొదలగును. గాయము అదియే, నరములు అవియే. మారినది మనస్సొక్కటియే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇటలీ రంగమునందు పనిచేసిన హెన్రీ బీచర్ అను అమెరికను వైద్యుడు ఇట్టి వింతనే మిక్కిలి పెద్దయెత్తున చూచెను. తీవ్రముగ గాయపడిన సైనికులలో నాలుగింట మూడువంతులమంది నొప్పిమందు అక్కరలేదనిరని ఆయన 1946లో ప్రకటించెను. గాయము వారికి చావు తప్పినదనియు, ఇంటికి పోవచ్చుననియు చెప్పిన శుభవార్త. అట్టి గాయమే ఊరిలో ఉన్నవానికి తగిలినచో అది ఆపద. గాయమునకు మనస్సు చెప్పుకొను అర్థమును బట్టి నొప్పి పెరుగుటయు, తరుగుటయు జరుగునని ఆయన గ్రహించెను.

ఇక మందు విషయమునకు వత్తము. మందు పదార్థమేమియు లేని మాత్రను, లేక ఉప్పునీటి సూదిని, మందువలె కనబడునట్లు ఇచ్చినచో దానిని ప్లాసిబో యందురు. ఇది లాటిను మాట. 'సంతోషపెట్టెదను' అని దాని యర్థము. మన భాషలో ఉత్తుత్తి మందు అనవచ్చును.

ఉత్తుత్తి మందు పరీక్ష క్రొత్తది కాదు. 1796లో అమెరికాలో ఎలిషా పెర్కిన్సు అను వైద్యుడు రెండు లోహపు కడ్డీలకు పేటెంటు పొందెను. వానితో నొప్పియున్నచోట నిమిరినచో నొప్పి పోవునని ఆయన చెప్పెను. ఇంగ్లండులో కూడ వానికి గొప్ప గిరాకి కలిగెను. 1799లో బాత్ నగరమున జాన్ హేగార్తు అను వైద్యుడు కొయ్యకడ్డీలు చేయించి, లోహమువలె రంగు పూయించి, కీళ్ళనొప్పులు గల ఐదుగురు రోగులపై ప్రయోగించెను. ఐదుగురిలో నలుగురు తమకు ఉపశమనము కలిగినదనిరి! కడ్డీలోని లోహమునకు మహిమ లేదనియు, పనిచేసినది రోగి ఊహయే యనియు ఆయన నిరూపించెను.

ఊహ పనిచేసినదనగా రోగి అబద్ధమాడెనని యర్థము కాదు. 1975లో స్కాట్లండులోని అబర్డీనులో హ్యూస్, కాస్టర్‌లిట్జ్ అను శాస్త్రజ్ఞులు నల్లమందువలె పనిచేయు పదార్థములు మెదడులోనే తయారగుచున్నవని కనుగొనిరి. తరువాత 1978లో శాన్ ఫ్రాన్సిస్కోలో, జ్ఞానదంతము పీకించుకొనిన రోగులపై ఒక పరీక్ష జరిగెను. వారికి ఉత్తుత్తి మందు ఈయగా కొందరికి నొప్పి తగ్గెను. పిమ్మట నల్లమందు ప్రభావమును అడ్డగించు నలాక్సోను అను మందును ఇచ్చిరి. తగ్గిన నొప్పి మరల పెరిగెను! అనగా ఉత్తుత్తి మందు పుచ్చుకొన్నప్పుడు మెదడు తన సొంత కొట్టులోనుండి నిజమైన నొప్పిమందును తీసి పంచుచున్నదన్నమాట.

ఆ కొట్టు తాళము ఎప్పుడు తెరచుకొనును? అందరికిని ఒకేరీతిగ ఏల తెరచుకొనదు? హస్తవాసి రహస్యమంతయు ఈ ప్రశ్నలలోనే ఉన్నది. తాళమును తెరచు చెవులలో ముఖ్యమైనవి రెండు. ఒకటి గతానుభవము, రెండవది తోడివారి ప్రభావము.

చింతకాయ పేరు వినగానే మీ నోరూరుచున్నది గదా! ఎన్నడును చింతకాయ తినని దేశస్థునకు ఆ పేరు వినిన నోరూరదు. మీ శరీరము పూర్వానుభవముచే పాఠము నేర్చినది. మందు విషయమునను శరీరము ఇట్లే పాఠము నేర్చుకొనును. ఇటలీలోని ట్యూరిన్ నగరమున బెనెదెత్తి అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఈ సంగతిని శ్రద్ధగ పరిశోధించిరి. 2006లో బెనెదెత్తియు, కొల్లోకా అను పరిశోధకురాలును ప్రకటించిన పరీక్ష ముఖ్యమైనది. ఆరోగ్యవంతులైన కొందరికి స్వల్పమైన విద్యుత్ పోట్లు కలిగించుచు, ఒక ఉత్తుత్తి చికిత్స చేసి, రహస్యముగ విద్యుత్తును తగ్గించిరి. చికిత్స పనిచేసినదని వారు నమ్మిరి. తరువాత విద్యుత్తు తగ్గింపకున్నను, ఆ చికిత్స పేరు చెప్పగనే నొప్పి తక్కువగ తోచెను. నాలుగు మొదలు ఏడు దినముల తరువాత కూడ ఆ ఫలితము నిలిచియుండెను.

ఈ పరీక్షలో రెండవ భాగము ఇంకను గమనింపదగినది. మరికొందరికి మొదట ఏమాత్రము పనిచేయని చికిత్స చేసిరి. కొన్ని దినములు గడచిన పిమ్మట మొదటివారికి చేసినట్లే చేసిరి. కాని వీరికి ఫలితము మిక్కిలి తక్కువగ కలిగెను. మొదటి ఓటమి వారి శరీరమున ముద్ర వేసినది. "ఎన్ని మందులు మ్రింగినను నాకు గుణమియ్యదు" అని నిట్టూర్చు ముసలివారు మన ఊళ్ళలో కలరు. వారి మాటను మొండితనమని త్రోసివేయరాదు. నిష్ఫలమైన చికిత్సలు వారి శరీరమునకు నేర్పిన చెడుపాఠము అదియై యుండవచ్చును. కావున మొదటిసారియే సరియైన చికిత్స జరుగుట ఎంత ముఖ్యమో గ్రహింపుడు.

రెండవ చెవి తోడివారి ప్రభావము. కొల్లేటి లంకలో ఒక జాలరి ఏలూరు వైద్యునియొద్దకు పోయి నొప్పి తగ్గి వచ్చెననుకొందము. ఆ సంగతి అరుగుమీద చెప్పును. మరునాడు పొరుగువాడును భుజము పట్టుకొని అదే వైద్యునియొద్దకు పోవును. వాని చికిత్స వైద్యుడు చేయి వేయకముందే, ఆ అరుగుమీదనే ప్రారంభమైనది! ఇది ఊహమాత్రము కాదు. 2009లో కొల్లోకా, బెనెదెత్తులు మరియొక పరీక్షను ప్రకటించిరి. ఒక మనుష్యునికి విద్యుత్ పోట్లు తగులుచుండగా మరియొకరు ప్రక్కన కూర్చుండి చూచిరి. పచ్చదీపము వెలిగినప్పుడు ఆ మనుష్యుడు నొప్పి తక్కువ యనియు, ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు ఎక్కువ యనియు చెప్పెను. తరువాత చూచినవారి వంతు వచ్చెను. రెండు దీపములకును ఒకే పోటు కలిగించినను, పచ్చదీపము వెలిగినప్పుడు వారికిని నొప్పి తక్కువగ తోచెను. వట్టి మాటతో చెప్పినదానికంటె కంటితో చూచినది ఎక్కువ పనిచేసెను. సొంత అనుభవముతో సమానముగ పనిచేసెననియే చెప్పవచ్చును. అందులోను, ఇతరుల కష్టసుఖములను తమవిగా భావింపగల జాలిగుండె వారికి ఈ ఫలితము అధికముగ కనబడెను.

వైద్యుని నడవడియు ఇట్లే పనిచేయును. 2008లో అమెరికాలో కాప్‌చుక్ అనువారును, వారి సహచరులును దీర్ఘకాలపు ప్రేగునొప్పి గల 262 మంది రోగులను మూడు తెగలుగ విభజించిరి. మొదటి తెగవారికి ఏ చికిత్సయు లేదు. రెండవ తెగవారికి ఉత్తుత్తి సూదుల చికిత్సను ముభావముగ చేసిరి. మూడవ తెగవారికి ఆ ఉత్తుత్తి చికిత్సనే చేయుచు, ఆదరముతో కుశలమడిగి, బాధను ఓపికతో విని, ధైర్యము చెప్పిరి. మూడు వారములు గడచునప్పటికి తగినంత ఉపశమనము కలిగినదని చెప్పినవారు మొదటి తెగలో నూటికి 28 మంది, రెండవదానిలో 44 మంది, మూడవదానిలో 62 మంది. రెండవ తెగకును మూడవ తెగకును గల భేదమంతయు ఆదరణయే. మనవారు హస్తవాసి యని పేరు పెట్టినది ఈ భేదమునకే యని నా తలంపు. అది చేతిలో లేదు. మాటలో, చూపులో, ఓపికలో ఉన్నది.

మాట మేలు చేయగలిగినట్లే కీడును చేయగలదు. 2010లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, కాన్పునకు సిద్ధముగ నున్న స్త్రీలకు తిమ్మిరిమందు సూది వేయునప్పుడు కొందరితో "మందు ఎక్కగనే తిమ్మిరెక్కి మీకు హాయిగ నుండును" అను భావముతో చెప్పిరి. మరికొందరితో "పెద్ద తేనెటీగ కుట్టినట్లుండును, కష్టమంతయు ఇదియే" అను భావముతో చెప్పిరి. సూది ఒక్కటే, కాని తేనెటీగ మాట వినినవారికి నొప్పి ఎక్కువగ తోచెను. అల్లరి చేయు పిల్లలను "సూది వేయింతును సుమా!" అని బెదరించు పెద్దలు ఈ సంగతిని తప్పక తెలిసికొనవలెను.

ఇంతవరకు హస్తవాసిలోని నిజమును చెప్పితిని. ఇక దాని ఎల్లలను చెప్పవలెను. ఈ భాగమును మిక్కిలి శ్రద్ధతో చదువుడు.

మన ప్రాంతమున తేలు కుట్టినను, పాము కరచినను మంత్రము వేయించు ఆచారము చిరకాలమునుండి కలదు. మంత్రగాడు వేపమండతో విసరుచుండగా జనము చుట్టును మూగి చూచుచుందురు. "మొన్న ఫలానావానికి క్షణములో దిగిపోయినది" అని ఒకరు చెప్పుదురు. పైని వివరించిన రెండు చెవులును అచ్చట సిద్ధముగ నున్నవి. కావున తేలు మంట కొంత తగ్గుట ఆశ్చర్యము కాదు. అదియుగాక సామాన్యపు తేళ్ళు కుట్టిన మంట కొన్ని గంటలకు తనంతట తానే తగ్గును. ఆ యశమును మంత్రము కొట్టుకొనిపోవును. పాముకాటునందును ఇట్టి మోసమే కలదు. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషము ఎక్కింపదు. అట్టివాడు ఏ మందును లేకయే బ్రతుకును. ఊరివారు మంత్రమే బ్రతికించినదందురు. విషమెక్కి మరణించినవానిని గూర్చి "ఆయువు తీరినది" అని సరిపెట్టుకొందురు. ఈవిధముగ మంత్రము ఎన్నడును ఓడిపోదు, ఓడిపోవువాడు రోగియే.

నొప్పి వేరు, అపాయము వేరు. కట్లపాము రాత్రివేళ నిద్రించువానిని కరచినచో నొప్పియే అంతగ తెలియదు. కొన్ని గంటలలో కనురెప్పలు వ్రాలిపోవును, మాట తడబడును, ఊపిరి ఆగును. నొప్పి లేనందున ప్రాణభయము లేదనుకొనుట ఎంత పొరపాటో చూడుడు! ఎఱ్ఱతేలు విషము గుండెను దెబ్బతీసి, ఊపిరితిత్తులలో నీరు చేర్చును. మంత్రమువలన మంట తగ్గినదని ఇంటనున్నచో ఆ విషము తన పని తాను చేసికొనిపోవును. మహారాష్ట్రములోని మహాడ్ పట్టణమున వైద్యుడైన హిమ్మత్‌రావు బావస్కరు ప్రజోసిన్ అను మందు ఎఱ్ఱతేలు కాటునకు పనిచేయునని 1980వ దశకములో చూపి, అనేకుల ప్రాణములు కాపాడెను. పాము విషమునకు విరుగుడు సూదిమందు కలదు. లంక గ్రామమునుండి పడవయెక్కి రావలసినవారికి ఒక్కొక్క నిమిషము విలువైనది. మంత్రముకొఱకు గడపిన గంట మరల రాదు.

ఊపిరి ఆడని రోగులపై 2011లో అమెరికాలో ప్రకటింపబడిన పరీక్ష ఈ సంగతిని మరింత తేటపరచినది. ఉబ్బసరోగులకు ఒకసారి నిజమైన పీల్పుమందును, ఒకసారి ఉత్తుత్తి పీల్పుమందును, ఒకసారి ఉత్తుత్తి సూదుల చికిత్సను ఇచ్చిరి. ఒకసారి ఏమియు ఈయలేదు. నిజమైన మందుతో ఊపిరి బలము నూటికి 20 వంతులు పెరిగెను. తక్కిన మూటితో 7 వంతులు మాత్రమే పెరిగెను. కాని "మీకెట్లున్నది?" అని అడుగగా, నిజమైన మందునకును ఉత్తుత్తి మందునకును రోగులు దాదాపు సమానముగనే "సుఖముగ నున్నది" అని జవాబిచ్చిరి! సుఖముగ తోచుట వేరు, ఊపిరితిత్తులు తెరచుకొనుట వేరు అని యంత్రము చూపినది. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఉబ్బసమునకు కొఱ్ఱమీను పిల్లనోటిలో మందుముద్ద నుంచి మ్రింగించు ప్రసిద్ధమైన వాడుక కలదు. అది ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రపరీక్షలలో ఋజువు కాలేదు. మ్రింగినవారికి సుఖముగ తోచుటను కాదనవలసిన పనిలేదు. కాని ఆ ధైర్యముతో పీల్పుమందును మానివేయుట ప్రమాదకరము.

మన జిల్లాలను పట్టి పీడించిన బోదకాలు సంగతియు ఆలోచింపుడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున అమెరికాలోని లెడర్లీ సంస్థ 1947లో బోదకాలు క్రిములపై పనిచేయు మందును వెలువరించినది. ఆ మందు నెత్తురులోని క్రిమిశిశువులను నశింపజేయును. మందు ఇచ్చినవాని హస్తవాసి ఎట్టిదైనను క్రిమికి సంబంధము లేదు. క్రిమి మన మాట వినదు, మన నమ్మకమును ఎరుగదు. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞులు ఇద్దరు 2001లో 114 పరీక్షలను కలిపి పరిశీలించి, ఉత్తుత్తి మందు ఫలితము ముఖ్యముగ నొప్పివంటి అనుభవములందే కొద్దిగ కనబడుచున్నదనిరి. కావున దాని రాజ్యము చిన్నది. ఆ రాజ్యములో అది పనిచేయును. ఎల్ల దాటినచో చేతకానిదగును.

అట్లయినచో నొప్పి గల రోగిని మోసగించి ఉత్తుత్తి మందు ఈయవచ్చునా? ఈయరాదు. మోసము బయటపడిన దినమున వైద్యునిపై నమ్మకము నశించును. అది నశించిన పిమ్మట నిజమైన మందు కూడ కొంత బలము కోల్పోవును. మోసము అవసరమును కాదు. 2010లో కాప్‌చుక్ బృందమువారు ప్రేగునొప్పి గల 80 మందిలో కొందరికి "ఇది మందు లేని మాత్ర, ఐనను శరీరము తనను తాను కుదుర్చుకొనుటకు తోడ్పడవచ్చును" అని దాపరికము లేక చెప్పి మాత్రలిచ్చిరి. వారిలో నూటికి 59 మందికి తగినంత ఉపశమనము కలిగెను. మాత్ర లేనివారిలో 35 మందికే కలిగెను. సత్యమునకును సాంత్వనమునకును విరోధము లేదని దీనివలన తేలుచున్నది. నిజమైన మందును ఆదరముతో ఇచ్చు వైద్యుడే ఉత్తముడు. మందు, మాట రెండును జోడెద్దులవలె పనిచేయును.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు వైద్యులు, నర్సులు కావచ్చును. కాకున్నను ప్రతి ఇంటను ఏదో ఒకనాడు రోగి మంచము పడక మానదు. మీ నాయనమ్మ మోకాలునొప్పితో బాధపడుచుండగా "నీ కెప్పుడును ఇదే గోల" యని విసుగుకొనకుడు. ప్రక్కన కూర్చుండి, మందు మాత్రయు మంచినీళ్ళును చేతికిచ్చి, "తగ్గునులే నాయనమ్మా" యని నాలుగు మంచిమాటలు చెప్పుడు. ఆ మాటలలో పైసా ఖర్చు లేని మందు కలదు. కాని తేలు కుట్టినను, పాము కరచినను, ఊపిరి ఆడకున్నను, గుండెలో నొప్పి వచ్చినను మంచిమాటలు దారిలో చెప్పుడు. అడుగులు మాత్రము ఆసుపత్రి వైపునకే వేయుడు. ఈ రెండును ఎరిగినవాని చేతికే నిజమైన హస్తవాసి కలుగును.